నేను పూడ్చిన గుంతలు

మీలో కొందరు ఈ కథ నా నోటనే విని ఉంటారు. శబ్దగ్రహణం నేర్చుకునే పిల్లలకు ఖమ్మంలో పాఠాలు చెప్పిన రోజుల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరికీ కునుకు పట్టే వేళ ఈ కథ తీసేవాణ్ణి. "మా ఆఫీసులో ఒక ఎడిటరమ్మ ఉండేది. అడవిలో ఒక ముసలాయన పాడిన పాటలో మౌనాలన్నీ చెత్త అనుకుని కోసిపారేసింది. నేను మళ్లీ వెళ్లి, బతిమాలి, పాట మొత్తం రికార్డు చేసుకొచ్చాను" అని చెప్పేవాణ్ణి. మొదట నవ్వేవాళ్లు, తర్వాత బుద్ధిగా పుస్తకాల్లో రాసుకునేవాళ్లు.

ఆ పాట నిజం. ఆ ముసలాయన నిజం. కోసింది మాత్రం ఆమె కాదు. నేను.

కుడి చెవి సరిగా వినిపించక పని మానేసి రెండేళ్లయింది. చెవి పోయిన శబ్దగ్రాహకుడు అంటే పళ్లూడిన పాములాంటివాడు, ఎవరికీ భయం ఉండదు. అందుకని ఇప్పుడు చెప్పడం పెద్ద ధైర్యమేమీ కాదు. అయినా చెప్పాలి.

మా ఆఫీసు ఒక ట్రాక్టర్ షోరూం పైన రెండు గదులు. రేడియో స్టేషన్లకు కార్యక్రమాలు తయారుచేసి ఇచ్చేవాళ్లం. గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అతికించి ఉండేవి. కింద ఎవరైనా బండి స్టార్ట్ చేసి చూస్తే మేం రికార్డింగ్ ఆపి టీ తాగేవాళ్లం. మా ఓనరుది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. కుర్రతనంలో పాట కచేరీలకు వ్యాఖ్యాతగా తిరిగినవాడు. ఆయనకు మౌనం అంటే గిట్టదు.

"రెండు సెకన్లు ఊరుకున్నావంటే వినేవాడు స్టేషన్ మార్చేస్తాడయ్యా. పాటంటే రోడ్డు. గుంత కనపడిందా, పూడ్చెయ్" అనేవాడు.

అట్లా మా ఆఫీసులో మౌనానికి గుంత అని పేరు స్థిరపడింది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ, దగ్గు, నీళ్లు తాగడానికి ఆగడం, అన్నీ గుంతలే. వాటిని కోసి, అతుకు తెలియకుండా అతికించడంలో నాకు పేరుండేది. 'గుంతల మేస్త్రి' అని పిలిచేవాళ్లు. నేను ఇల్లందు వాణ్ణి. మా నాయన బొగ్గుబావిలో పనిచేశాడు. ఆయన భూమిలో తవ్వితే నేను గాలిలో పూడుస్తున్నానని నా మీద నేనే జోకు వేసుకునేవాణ్ణి.

ఆ ఎడిటరమ్మ వైరా నుంచి రోజూ బస్సులో వచ్చేది. ముప్పై దాటిన మనిషి, మా ఇద్దరిలో ఎడిటింగ్ బాగా వచ్చింది ఆమెకే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని వినేది. నేను కళ్లు తెరిచి వినేవాణ్ణి, తెర మీద గీతలు చూస్తూ. ఈ తేడా అప్పట్లో నాకు తేడాగా తోచలేదు.

ఆ పాట పాడిన ఊరు భద్రాచలం దాటి చర్ల దారిలో, తారురోడ్డు వదిలి అడవిలోకి వెళ్లాలి. పేరు చెప్పను. కోయ కుటుంబాలు ఉండే ఊరు. తొలకరికి ముందు విత్తనాల పండుగ రోజున ఒక ముసలాయన డోలు కొడుతూ తమ వంశం కథ పాడతాడని తెలిసి వెళ్లాను. డెబ్బై దాటినవాడు. పక్కన నలభై ఏళ్ల కూతురు. పాట వాళ్ల భాషలో. ముసలాయన తెలుగులో నాకు ముందే చెప్పాడు.

"ఏటికి ఒక్కసారే పాడుత. ఈ పండుగనాడే. నడుమ ఆపమంటే ఆప. మల్ల పాడుమంటే పాడ."

"ఆపం తాతా. నువ్వు పాడు, నేను పట్టుకుంట."

"నా మనవలు ఒకడు భద్రాచలంల మెకానిక్, ఇంకొకడు అశ్వారావుపేట పామాయిల్ మిల్లుల. కూసోని నేర్సుకునే తీరిక లేదు వాళ్లకు. నేను పోయినంక నీ మిషిన్ల పాటను బట్టే నేర్సుకుంటరు. సక్కగ పట్టు."

పొద్దున మొదలుపెట్టి ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా పాడాడు. గాలి తగలకుండా నేను ఒక తడిక వెనక కూర్చుని, తల వంచుకుని, మిషన్ మీద పచ్చ గీతలు చూస్తూ ఉన్నాను. గొంతు ఎక్కువైతే తగ్గించడం, తగ్గితే పెంచడం. నడుమ నడుమ పాట ఆగేది. ముసలాయన అలసిపోతున్నాడనుకున్నాను. ఒకచోట పదం సగంలోనే ఆగిపోతే, దగ్గు వచ్చిందనుకున్నాను. తల ఎత్తి చూడలేదు.

ఖమ్మం వచ్చాక ఆమె ఆ రికార్డింగు మూడు రోజులు వింది. మూడో రోజు నన్ను పిలిచింది.

"అన్నా, ఇవి గుంతలు కావు. లోపల ఏందో ఉంది. విను."

విన్నాను. పాట ఆగిన చోట 'తప్' అని చిన్న చప్పుడు. మెత్తగా, కిందనుంచి వచ్చినట్టు.

"మైకు స్టాండు కదిలింది" అన్నాను.

"ఆగిన ప్రతిసారీ కదులుద్దా?"

"గాలికి."

"గాలికి గింత క్రమముంటదా అన్నా? పాట ఆగుతుంది, ఒక ఊపిరి, అప్పుడు తప్ తప్. ప్రతిసారీ గంతే. ఇదిగో, ఇక్కడైతే పదం నడుమ ఆగిండు. ఎవరైనా పదం నడుమ ఆగుతరా? ఒకసారి ఫోన్ చేసి అడుగుదాం."

"ఓనరు గడియారం పట్టుకుని వింటడు తల్లీ, ఊపిరి పట్టుకుని కాదు" అన్నాను. ఆ మాటకు నేనే నవ్వుకున్నాను కూడా.

ఆదివారం ఆమె రాలేదు. నేను ఒక్కణ్ణే కూర్చుని కోశాను. అన్నీ కోశాను. పదం సగంలో ఆగిన చోట రెండు ముక్కలనూ అతికించడానికి గంటసేపు పట్టింది. అతికాక మళ్లీ మళ్లీ విన్నాను. ఎక్కడ అతికించానో నాకే తెలియనంత నునుపుగా వచ్చింది. నా వృత్తిలో అంత మంచి అతుకు నేను వేయలేదు. మర్నాడు కొత్తగూడెంలో కబడ్డీ పోటీల వ్యాఖ్యానం రికార్డు చేయాలి, మిషన్‌లో మెమరీ కార్డులు ఖాళీ కావాలి. అలవాటు ప్రకారం అసలు రికార్డింగు తుడిచేశాను.

సోమవారం ఆమె వచ్చి, "అసలుది ఏదన్నా?" అంది.

"తుడిచేసిన."

హెడ్‌ఫోన్స్ తీసి మేకుకు తగిలించింది. "ఒక్క మాట అడిగితే అయిపోవు గదా" అని మాత్రం అంది.

కార్యక్రమం ఒక మధ్యాహ్నం ప్రసారమైంది. ఊళ్లో అందరూ కలిసి వినాలని నేను బండి మీద పెద్ద స్పీకరు కట్టుకుని వెళ్లాను. ముసలాయన ఇంటి ముందు చాపలు పరిచారు. మిల్లులో పనిచేసే మనవడు సెలవు పెట్టి వచ్చాడు. పాట మొదలైంది. జనం ముఖాలు వెలిగాయి. ముసలాయన తన గొంతు తానే వింటూ మోకాలి మీద తాళం వేస్తున్నాడు.

కాసేపటికి ఒక ముసలమ్మ కుడి అరచెయ్యి నేల మీద ఆనించింది. పాట సాగిపోతూనే ఉంది. ఆమె స్పీకరు వంక చూసింది. ఇంకొకాయన చెయ్యి ఆనించబోయి, తీసి, మళ్లీ ఆనించాడు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చేతులు నేల మీదికి పోతున్నాయి, వెనక్కి వస్తున్నాయి, బస్సు ఆగుతుందని పరుగెత్తి వెనకబడ్డవాళ్లలాగా. ఆ ముసలమ్మ మాత్రం చెయ్యి తీయలేదు. పాట ఆమెను దాటి ఎక్కడికో పోయింది, ఆమె అట్లాగే ఉండిపోయింది.

ముసలాయన మోకాలి మీద తాళం ఆపేశాడు. "నా పాట గట్ల ఉరుకుతాందేంది? ఎవరన్న తరుముతాన్రా?" అన్నాడు.

నాకు ఇంకా అర్థం కాలేదు. మెచ్చుకుంటున్నాడనుకుని, "గుంతలన్నీ పూడ్చినం తాతా" అన్నాను.

కూతురు లేచి స్పీకరు ఆపేసింది. "ఏ గుంతలు?"

"ఆయన ఆగిన చోట్లు."

ఆమె ఆ మాట వాళ్ల భాషలో అందరికీ చెప్పింది. ఎవరూ కదలలేదు. మనిషిని మట్టి చేసే గోతిని ఆ ఊళ్లో ఏమంటారో నేను ఆలోచించి ఉండాల్సింది. గుంత అనే అంటారు. మా ఇల్లందులోనూ అదే మాట.

ఆమె నాకు నెమ్మదిగా చెప్పింది. "మా ఇంట్ల పాట గట్లనే ఉంటది సారూ. పోయినోళ్ల వంతు వస్తే పేరు నోటితోని అనం. అయ్య ఆగుతడు. ఎవరి మనిషైతే వాళ్లు భూమి మీద చెయ్యి పెట్టి లోపల అనుకుంటరు. చానా ఏండ్లు బతికినోళ్లకు చానాసేపు ఆగుతడు. చిన్నోళ్లకు జరసేపు. అయ్య ఆగిన ప్రతి చోట మా మనిషి ఒకలున్నరు."

స్పీకరు వైపు చూసి, "ఒక పదం నడుమ ఆగుతడు గదా. ఆడ నా తమ్ముడుండు. మాటలు నేర్సుకునే ఈడుల జరమొచ్చి పోయిండు" అంది.

నేను గంటసేపు కూర్చుని నునుపు చేసిన చోటు అది.

ముసలాయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. "ఎవలు పూడ్సిండ్రు?" అని అడిగాడు.

నా చుట్టూ కూర్చున్నవాళ్లను చూశాను. ఆ ముసలమ్మ చెయ్యి ఇంకా నేల మీదే ఉంది. "ఆఫీసుల ఒకామె ఉంటది. ఎడిటింగ్ ఆమెదే. ఆమెనే..." అన్నాను. వాక్యం పూర్తి కూడా చేయలేదు. అవసరం లేకపోయింది.

"దీన్ని బట్టి నా మనవలు నేర్సుకుంటే మావోళ్లందరు పాటలకెళ్లి మాయమైతరు" అన్నాడు ముసలాయన. "వచ్చే పండుగకు మల్ల పాడుత, నేనుంటే. ఆమెను తోల్కరా."

అంటే ఒక సంవత్సరం. ఆయన రొమ్ములో అప్పటికే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. వానాకాలంలో భద్రాచలం దవాఖానాలో పెట్టారని తెలిసింది. చలికాలంలో ఇంకోసారి. నేను ఫోన్ చేసి కనుక్కునేవాణ్ణి, ఆఫీసులో ఆమె నా పక్కన నిలబడి, "ఎట్లుండట? తింటుండా?" అని అడిగేది. ఆ మౌనాలు ఏమిటో నేను చెప్పిన రోజు ఆమె చాలాసేపు బల్ల మీద తల పెట్టుకుని ఉండిపోయింది. తర్వాత, "నన్ను రమ్మన్నడా? నేనెట్ల ఎరుక ఆయనకు?" అంది.

"నీ గురించి చెప్పిన" అన్నాను. అది అబద్ధం కాదు మరి.

ముసలాయన పండుగ దాకా నిలిచాడు. మేమిద్దరం బస్సులో బయలుదేరాం. నిజం ఆమెకు ముందే చెప్పాలని నాకు ఉంది. పాల్వంచ దాటాక చెబుదామనుకున్నాను. భద్రాచలం వంతెన మీద చెబుదామనుకున్నాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని గోదావరిని చూస్తూ, ఈసారి మైకు ఎంత దూరంలో పెడితే నేల మీద చేతుల చప్పుడు బాగా వస్తుందో చెబుతోంది. నేను ఊఁ కొట్టాను.

ముసలాయన సగానికి సగం అయిపోయాడు. కూతురు ఆయన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన మా ఎడిటరు వైపు చూశాడు.

"నువ్వేనా బిడ్డా, మా గుంతలు పూడ్సింది?"

ఆమె నా వైపు తిరిగింది. నేను కేబుల్ విప్పుతున్నాను. చిక్కుపడని కేబులును విప్పుతున్నాను. ఊరంతా ఆమెనే చూస్తోంది.

"అవ్ తాతా" అంది. "తప్పయింది. ఈసారి ఒక్కటి గూడ పోనియ్య."

ముసలాయన డోలు ముందుకు లాక్కున్నాడు. తర్వాత, "మిషిన్ కాడ గాదు. ఈడ, మావోళ్ల నడుమ కూసో" అన్నాడు. ఆమె వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. మిషన్ దగ్గర నేను మిగిలాను.

ముప్పై ఏళ్లు శబ్దంతో బతికాను. పెద్ద పెద్ద గాయకులకు మైకులు పెట్టాను. ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు. ఆ రోజే తల ఎత్తి విన్నాను.

దవాఖానాలో రెండుసార్లు పడుకుని లేచిన మనిషికి గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. పెద్ద గొంతు కాదు. కానీ ఇప్పచెట్ల కిందికి, ఇళ్ల లోపలికి, పొయ్యిల దాకా పోతోంది. డోలు ఆయన చెయ్యి కింద ఒక పశువులా మెల్లగా నడుస్తోంది. మొదటి చోటు వచ్చింది. డోలు ఆగింది. ఆయన ఊపిరి తీసుకున్నాడు. తప్, తప్ అని అరచేతులు నేలను తాకాయి. చూస్తే పొయ్యి దగ్గరున్న ఆవిడ గరిటె పక్కన పెట్టి చెయ్యి ఆనించింది. గోడకు ఒరిగి నిలబడ్డ మెకానిక్ మనవడు వంగి చెయ్యి ఆనించాడు. అప్పుడు వచ్చింది మౌనం. దాన్ని నేను ఇన్నేళ్లూ ఖాళీ అనుకున్నాను. అందులో ఆకులున్నాయి, కోడి ఉంది, ఎక్కడో కలప లారీ ఉంది, నలభై మంది ఊపిరి ఉంది. ఒక్కొక్కరూ లోపల ఒక్కొక్క పేరు అనుకుంటున్నారు. వినిపించని పేర్లతో ఆ గాలి బరువెక్కింది. నా హెడ్‌ఫోన్స్‌లో ఆ బరువు వినిపించింది. ఎట్లా వినిపిస్తుందని అడిగితే చెప్పలేను. పచ్చ గీతలు మాత్రం అడుగున పడుకుని ఉన్నాయి, ఏమీ లేనట్టు.

ఒక్కో మౌనం ఒక్కో పొడవు. ఒకటి ఎంత దీర్ఘంగా సాగిందంటే, ముసలాయన మరి లేవడేమోనని భయపడ్డాను. తొంభై ఏళ్లు బతికిన ఎవరో అందులో ఉండి ఉంటారు. దాని లోపల ఒక మేఘం నీడ ఊరి ఈ కొసనుంచి ఆ కొసకు నడిచి వెళ్లింది. ఎవరూ చెయ్యి తీయలేదు. ఏ కాగితమూ లేకుండా, ఏ గడియారమూ లేకుండా, అంతమంది మనుషుల ఆయుష్షుల కొలతలు ఆ బక్క రొమ్ములో ఉన్నాయి.

తర్వాత ఆ పదం వచ్చింది. సగంలో విరిగింది. జరసేపే. కూతురి చెయ్యి నేల మీద ఉంది. ఆమె పక్కనే మా ఎడిటరు చెయ్యి కూడా ఉంది. పదం మిగతా సగం వచ్చినప్పుడు ముసలాయన గొంతు కొంచెం కూడా వణకలేదు. నాకే కళ్లలో నీళ్లు తిరిగి పచ్చ గీతలు కనబడలేదు.

తిరుగు బస్సులో ఆమె వేరే సీట్లో కూర్చుంది. కొత్తగూడెంలో బస్సు ఆగినప్పుడు నా దగ్గరికొచ్చి, "ఎందుకన్నా?" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మళ్లీ అడగలేదు.

కార్యక్రమం మాత్రం ఆమె కాపాడింది. ఓనరు విని, "ఏంటమ్మా ఇది, అడుగడుగునా గుంతలేనా? రేడియో పాడైందని కొట్టి చూస్తారు జనం" అన్నాడు. "ఒక్కటి ముట్టుకున్నా రేపటినుంచి రాను సార్" అంది. అట్లాగే ప్రసారమైంది. ఓనరు అన్నట్టు కొందరు రేడియోలు కొట్టి చూశారు. చాలామంది ఫోన్ చేసి, ఏం చెప్పాలో తెలియక పెట్టేశారు. ఆ చలికాలం ముసలాయన పోయాడు. ఆ రికార్డింగును బట్టే మనవలు నేర్చుకున్నారు. ఆమె హైదరాబాదులో ఒక డబ్బింగ్ స్టూడియోలో చేరింది.

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి ఆ కథలో 'ఎడిటరమ్మ' అన్నది భయంతో. తర్వాత అలవాటుతో. చివరికి, కథ అట్లా చెబితేనే బాగుంటుందని. ఒకసారి ఆమె స్టూడియోలో కొత్తగా చేరిన నా శిష్యుడొకడు ఆమెకే ఈ కథ చెప్పాడట, అది ఆమె గురించేనని తెలియక. ఆమె నవ్వి ఊరుకుందని వాడే నాతో అన్నాడు. ఆ మాట విన్నాకే ఆమెకు ఫోన్ చేశాను.

"అంతా రాస్తాను" అన్నాను.

"రాస్తే రాయి గానీ, నన్ను దేవతను చెయ్యకు. ఆ దినం నేను మంచితనంతోని ఒప్పుకోలె. అక్కడ్నే చెప్పు తీద్దామనుకున్న. లొల్లి పెడితే తాత పాడకుండ లేస్తడేమోనని భయపడ్డ. గంతే" అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గొంతులో వేడి తగ్గలేదు. "ముందుగాల ఊళ్లె చెప్పు. రాసుడు తర్వాత."

మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. ఇప్పుడు పాట కూతురు పాడుతోంది. మనవలు డోలు కొడతారు. నేను వెళ్లేసరికి ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి నీళ్లిచ్చింది. నేను నిలబడే చెప్పాను. పూడ్చింది మా ఎడిటరు కాదని, నేనని, అప్పుడు అబద్ధమాడానని.

ఆమె గింజలు తీయడం ఆపలేదు. "ఎరుకనే సారూ" అంది.

"ఆమె చెప్పిందా?"

"ఆమెందుకు జెప్తది? అయ్యనే జూసిండు. రెండో సారి పాడినప్పుడు, నా తమ్ముని కాడ పదం ఆగింది గదా. ఆ బిడ్డ చెయ్యి భూమి మీదికి పోయింది. నీ చెయ్యి మిషిన్ మీదికి పోయింది. ఎవలు పూడ్సిండ్రో ఇంక అడుగుడెందుకన్నడు."

నాకు అది గుర్తులేదు. కానీ నిజమని తెలుసు. పాట ఆగితే నా చెయ్యి మీట మీదికి పోతుంది, దానంతటదే. అప్పుడు కళ్లలో నీళ్లున్నా పోయి ఉంటుంది.

"మరి నన్నెందుకు ఏమీ అనలేదు?"

"అంటే నువ్వు ఒప్పుకునెటోడివా?" అంది ఆమె, నవ్వకుండా. "నీ అంతట నువ్వు చెప్తవని జూసిండు. పోయేదాక జూసిండు." గింజలున్న చేట పక్కకు జరిపి, "కూసో సారూ, అంబలి తాగుదువు" అంది.

తారురోడ్డు మీదికి వచ్చాక ఎడిటరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. చేతుల సంగతి చెప్పినప్పుడు అవతల ఏమీ వినిపించలేదు. లైను పోయిందేమోనని ఫోన్ చెవినుంచి తీసి తెర చూడబోయాను. చెయ్యి సగం దాకా వచ్చింది. ఆపుకున్నాను. మంచి చెవికి ఆనించి అట్లాగే నిలబడ్డాను. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

చాలాసేపటికి గొంతు సవరించుకుని, "సరే అన్నా. ఇగ రాయి" అంది.